పామా, తాడా? ‘షటర్ ఐలండ్’ చూసి వాదులాడుకున్న అన్నాచెల్లెళ్లకు సమాధానం

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. ఈమధ్య ఒక ఆదివారం ఇంట్లో అందరం కలిసి మార్టిన్ స్కోర్సీసీ తీసిన ‘షటర్ ఐలండ్’ చూశాం. సినిమా అయ్యాక అన్నయ్యకూ నాకూ మొదలైన వాదన ఇంకా తెగలేదు. హీరో టెడ్డీ నిజంగానే పోలీసు అధికారి అనీ, ఆ దీవి ఆసుపత్రి డాక్టర్లే మందులు పెట్టి అతన్ని పిచ్చివాణ్ణి చేశారనీ అన్నయ్య అంటాడు. అతను మొదటి నుంచీ రోగేననీ, మనం చూసిన దర్యాప్తు అంతా అతని భ్రమేననీ నేనంటాను. చినవాల్తేరు మానసిక వైద్యశాలలో చాలాకాలం నర్సుగా చేసి రిటైరైన మా పిన్ని, ‘ఒక్క రోగి కోసం ఆసుపత్రి మొత్తం నాటకమాడటం ఎక్కడైనా ఉంటుందా?’ అనేసరికి అన్నయ్యకు బలం వచ్చింది. అంతా భ్రమే అయితే రెండు గంటలకు పైగా మనం చూసినది అబద్ధమే కదా, ఇక ఆ కథకు విలువేముంది అని కూడా అడుగుతున్నాడు. ఎవరి మాట సరైనది? ఇలాంటి సినిమాల్లో ఏది జరిగిందో, ఏది పాత్ర ఊహించుకున్నదో తేల్చుకోవడం ఎలా? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

సమాధానం: ఈ సినిమా ఇంకా చూడనివారు మిగతాది చదవకుండా పక్కన పెట్టడం మంచిది, ఎందుకంటే ముగింపు బయటపెట్టకుండా మీ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. మీ ఇద్దరిలో మీరు చెప్పినదే సరైనదని నా నిశ్చితాభిప్రాయం. టెడ్డీ డేనియల్స్ అనే ఫెడరల్ మార్షల్ ఆ దీవికి దర్యాప్తుకు రాలేదు. ఆండ్రూ లేడిస్ అనే రోగి అక్కడ రెండేళ్లుగా ఉంటున్నాడు; తానే టెడ్డీనని నమ్ముతున్న అతన్ని నిజంలోకి తేవడానికి డాక్టర్లు ఆ దర్యాప్తును నాటకంగా నడవనిచ్చారు. అయితే మనం చూసినదంతా భ్రమే అన్న మీ మాటతో మాత్రం ఏకీభవించలేను. ఆ సినిమాలో నిజంగా తేలకుండా మిగిలిన ప్రశ్న కూడా ఒకటుంది గానీ, అది మీరిద్దరూ ఇన్నాళ్లుగా వాదించుకుంటున్నది కాదు; అది చివరి సన్నివేశంలో ఉంది.

ఇటువంటి సినిమాలు చూసినప్పుడు మనం సాధారణంగా పాత్రను విచారిస్తాం. ఇతను అబద్ధాలాడే మనిషా, ఏమైనా మత్తుమందు పుచ్చుకున్నాడా, గతంలో దెబ్బతిన్నాడా అని ఆలోచిస్తాం. దానికన్నా ముందు కెమెరాను విచారించాలి. ఫలానా దృశ్యాన్ని ఎవరి పక్కన నిలబడి చూపిస్తున్నారు, అక్కడ మరొక సాక్షి ఉన్నాడా, అక్కడ జరిగినదాని ఫలితం తరువాత ఇతరుల ప్రవర్తనలో కనబడిందా అని అడిగితే చిక్కుముడి చాలావరకు వదులవుతుంది. పాత్ర నోటితో చెప్పిన మాట అబద్ధం కావచ్చునని ప్రేక్షకుడు సులువుగానే ఒప్పుకుంటాడు, కానీ తెరమీద తన కళ్లతో చూసినది అబద్ధమంటే మోసపోయినట్టు బాధపడతాడు. 1950లో వచ్చిన ‘స్టేజ్ ఫ్రైట్’లో హిచ్‌కాక్ ఒక పాత్ర చెప్పిన కట్టుకథను ఫ్లాష్‌బ్యాక్‌గా, జరిగినదాన్ని చూపినట్టే చూపించాడు, ప్రేక్షకులు హర్షించలేదు, అలా చేసి ఉండవలసింది కాదని ఆయనే తరువాత ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఒప్పుకున్నాడు. మీ అన్నయ్యగారి కోపానికి మూలం కూడా ఇక్కడే ఉందనుకుంటాను. అందువల్ల భ్రమను కథగా చెప్పదలచుకున్న దర్శకుడు, ప్రేక్షకుడి మీద గౌరవం ఉన్నవాడైతే, ఈ బొమ్మను పూర్తిగా నమ్మవద్దని ఎక్కడో ఒకచోట మనకు ఆనవాలు ఇస్తాడు. స్కోర్సీసీ ఆ ఆనవాళ్లను ఉదారంగానే ఇచ్చాడు.

భర్తను గొడ్డలితో చంపిన కర్న్స్ అనే రోగిని టెడ్డీ, అతని సహచరుడు చక్ ఒక బల్ల ముందు కూర్చుని ప్రశ్నించే సన్నివేశాన్ని మళ్లీ చూడండి. ఆ ఆసుపత్రిలోనే పనిచేసే డాక్టర్ షీహన్ ఎలాంటివాడని టెడ్డీ అడిగితే ఆమె కాస్త తడబడి, మంచివాడేననీ, చూడటానికీ బాగానే ఉంటాడనీ చెబుతుంది. ఆ షీహన్ చక్ పేరుతో ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాడన్న సంగతి మనకు అప్పటికి తెలియదు. ఇది తెలిసి రెండోసారి చూసినప్పుడు ఆమె తడబాటుకు అర్థమే మారిపోతుంది. తరువాత ఆమె మంచినీళ్లు అడుగుతుంది, చక్ తెచ్చి ఇస్తాడు. ఆమె తాగే షాట్‌లో చేతిలో గ్లాసు ఉండదు. పట్టుకున్నట్టు వంచిన వేళ్లతో చేయి నోటి దాకా వెళుతుంది, అంతే. వెంటనే వచ్చే షాట్‌లో ఖాళీ గ్లాసు బల్లమీద దిగుతుంది. ఇది షూటింగులో దొర్లిన పొరపాటని కొట్టిపారేసినవాళ్లు ఉన్నారు. థెల్మా స్కూన్‌మేకర్ వంటి ఎడిటర్ చేతుల మీదుగా వచ్చిన సినిమాలో, అంత దగ్గర నుంచి తీసిన షాట్‌లో అటువంటి పొరపాటు మిగిలిపోయిందంటే నేను నమ్మను. ఆండ్రూ పిల్లలు ముగ్గురినీ కన్నతల్లే ఇంటి పక్కనున్న చెరువులో ముంచి చంపింది. నీళ్లు అతని మనసు చూడటానికి ఇష్టపడని వస్తువు. సినిమా మొదలైనప్పుడు పడవలో అతను వాంతి చేసుకుని, ఇవి వట్టి నీళ్లే అని అద్దం ముందు తనను తాను సముదాయించుకుంటాడు. అందుకే ఆ ఒక్క క్షణంలో ఆమె చేతిలోని నీళ్లగ్లాసును అతని చూపు తుడిచివేసిందని నేను అర్థం చేసుకున్నాను. దీనికి ఎదురుగా నిప్పును పెట్టి చూడండి. తన భార్య అగ్నిప్రమాదంలో పోయిందన్న అతని నమ్మకం, అగ్గిపుల్లల వెలుగులో జైలు గది దగ్గర సంభాషణ, కొండగుహలో మంట పక్కన కూర్చున్న డాక్టరమ్మ, తగలబడే కారు. నిప్పు వెలిగిన ప్రతిచోటా అతని కట్టుకథకు బలం చేకూరుతూ ఉంటుంది.

ఇది సూచన మాత్రమే, రుజువు కాదు అని మీ అన్నయ్యగారు అనవచ్చు. అలాగైతే లైట్‌హౌస్ పైగదిలోకి వెళదాం. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌ను రోజూ చూసే మనకు అందులో భయపడటానికేమీ ఉండదు గానీ, టెడ్డీ దృష్టిలో ఆ దీవి లైట్‌హౌస్ రోగుల మెదళ్లను కోసే రహస్య స్థలం. అతనితోపాటు కెమెరా కూడా మెట్లెక్కుతుంది, ఒక్కొక్క అంతస్తూ చూపిస్తుంది. ఏ అంతస్తులోనూ ఏమీ ఉండదు. పైన ఆసుపత్రి పెద్ద డాక్టర్ కాలీ ఒక బల్ల ముందు కూర్చుని ఉంటాడు. టెడ్డీ అతని మీద తుపాకి పేలుస్తాడు, రక్తం చిమ్ముతుంది, అది మనమూ చూస్తాం. మరుక్షణం కాలీ అలాగే క్షేమంగా కూర్చుని ఉంటాడు, రక్తం ఉండదు, టెడ్డీ చేతిలో ఉన్నది బొమ్మ తుపాకి. ఇంతసేపూ ప్రేక్షకుడికి చూపిస్తూ వచ్చినది ఎవరి చూపో దర్శకుడు తన నోటితోనే చెప్పుకున్నట్టయింది. చూపించి, వెంటనే వెనక్కి తీసుకున్న బొమ్మ అది. కుట్ర సిద్ధాంతం ప్రకారం ఆ రక్తాన్ని ఎవరు సృష్టించారో, ఎలా మాయం చేశారో మీ అన్నయ్యగారు వివరించవలసి ఉంటుంది.

ఆయన చూపే ఆధారాలకు కూడా న్యాయంగా సమాధానం చెప్పాలి. కర్న్స్ నోటు పుస్తకంలో ‘పారిపో’ అని రాసింది కదా అంటారు. రాసింది నిజమే, కానీ రాసినావిడ ఆ ఆసుపత్రి రోగి, ఆమెకు చికిత్స పట్ల ఉండే భయం ఆమెది. గుహలోని డాక్టరమ్మ మాటలే ఆయన పక్షానికి అసలైన బలం. ఒకసారి పిచ్చివాడని ముద్ర వేశాక నువ్వేం చేసినా ఆ పిచ్చిలో భాగమే అంటారన్న ఆమె వాదన చాలా పదునైనది, బయటి లోకంలో చాలామంది విషయంలో నిజం కూడా. కానీ ఆమెను టెడ్డీ తప్ప మరెవరూ చూడలేదు, తెల్లవారాక ఆమె జాడ ఎక్కడా లేదు. ప్రమాదకరమైన రోగులను ఉంచే సి వార్డులోని జార్జ్ నాయిస్ అనే రోగి సంగతి ఇంకా ఆసక్తికరం. అతను నిజంగా ఉన్న మనిషి, గాయాలతో ఉన్నాడు, ‘ఇది నువ్వు చేసిందే’ అంటాడు. తన దర్యాప్తు వల్ల పాపం ఇతన్ని మళ్లీ ఇక్కడికి తెచ్చి హింసించారని టెడ్డీ అర్థం చేసుకుంటాడు. లేడిస్ అని అసలు పేరుతో పిలిచినందుకు నాయిస్‌ను కొట్టినవాడు టెడ్డీయేనని మనకు తరువాత తెలుస్తుంది. మాట ఒక్కటే, దాన్ని తన కథలో ఇముడ్చుకున్న తీరు వేరు. భ్రమలో ఉన్న మనిషి ఎదుటివారి మాట వినకపోవడం కాదు, విన్న ప్రతి మాటనూ తన నమ్మకానికి సాక్ష్యంగా మార్చుకోవడమే ఇక్కడ దర్శకుడు అద్భుతంగా చూపిన విషయం.

మీ అన్నయ్యగారి వాదనలో నాకు కనిపించే పెద్ద లోపం కూడా ఇదే. టెడ్డీకి తలనొప్పి వస్తే డాక్టర్లు ఇచ్చిన మాత్ర వల్ల. చేతులు వణికితే సిగరెట్లలో కలిపిన మందు వల్ల. ఆసుపత్రి రికార్డుల్లో అతని పేరు ఉంటే అది దొంగ రికార్డు. చివరికి తానే తప్పు ఒప్పుకుంటే అది మెదడు చెడగొట్టిన ఫలితం. ఏ షాట్ చూపించినా లొంగని వ్యాఖ్యానం బలమైనదిగా కనిపిస్తుంది గానీ, నిజానికి అది సినిమాను చూడటం మానేసిన వ్యాఖ్యానం. మీ వాదన అలాంటిది కాదు. చక్ నిజంగా మార్షలే అని తేల్చే ఒక్క దృశ్యం ఉన్నా అది కూలిపోయేది. ఉన్న దృశ్యం మాత్రం దీనికి విరుద్ధమైనది. ఆసుపత్రి గేటు దగ్గర ఆయుధాలు అప్పగించమన్నప్పుడు టెడ్డీ తన తుపాకిని అలవాటైన చేతితో ఒక్క క్షణంలో తీసి ఇస్తాడు. చక్ మాత్రం నడుముకున్న తోలు ఒరతో చాలాసేపు పెనుగులాడి, చివరికి ఒరతో సహా ఊడదీసి ఇస్తాడు. తుపాకి మోయడం అలవాటు లేని డాక్టరు చేతులు అవి.

ఇక మీ పిన్నిగారి అభ్యంతరం. ఆమె అనుభవాన్ని నేను కాదనలేను, ఆమె చెప్పినది నిజం: ఏ ఆసుపత్రీ ఒక రోగి కోసం దీవి మొత్తాన్ని రంగస్థలం చేయదు. కానీ మన లోకంలో జరగదు కాబట్టి ఆ కథలోనూ జరగలేదనడం కుదరదు. ఆ కథాలోకంలో ఏది సాధ్యమో కథే చెబుతుంది. ఇది మునుపెన్నడూ ఎవరూ చేయని సాహసమని డాక్టర్ కాలీ తానే చెప్పుకుంటాడు; ఇది విఫలమైతే శస్త్రచికిత్స తప్పదని కూడా చెబుతాడు. కాపలావాళ్లు తుపాకులు పట్టుకుని అంత బిగుసుకుపోయి ఎందుకు నిలబడ్డారో అప్పుడు అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడి అత్యంత ప్రమాదకరమైన రోగిని నడుముకు తుపాకి ఒర కట్టి వాళ్ల మధ్య తిరగనిచ్చారు. అసంభవాన్ని కథ దాచిపెట్టలేదు, తన మీద వేసుకుంది. అందుకని పిన్నిగారి మాట సినిమా మీద విమర్శ అవుతుంది తప్ప కుట్రకు ఆధారం కాదు.

ఇప్పుడు మీతో నాకున్న తగాదా. దర్యాప్తు భ్రమ కావచ్చు, కానీ తుఫాను భ్రమా? హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసులకు ఆ దృశ్యాలు వేరుగా తగులుతాయి. 2014 అక్టోబరు 12 తరువాత బీచ్ రోడ్డులో నడిచినవాళ్లకు చెట్లు కూలి, కరెంటు పోయి, ఊరు తెగిపోవడమంటే ఏమిటో తెలుసు. సినిమాలోని తుఫాను వల్ల ఆసుపత్రిలో కరెంటు పోతుంది, సి వార్డులో గందరగోళం చెలరేగుతుంది, సిబ్బంది అంతా పరుగులు పెడతారు. దాని ఫలితం అందరి మీదా పడింది కాబట్టి అది నిజం. అలాగే ఆండ్రూ ఒకప్పుడు నిజంగానే మార్షల్. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల డాకౌ నిర్బంధ శిబిరం విముక్తిలో ఉన్నాడు. భార్య డోలరస్ జబ్బుమనిషి అని చుట్టూ ఉన్నవాళ్లు హెచ్చరించినా పట్టించుకోలేదు, ఆమె పిల్లలను చంపింది, ఆమెను అతను చంపాడు. మన వేదాంత గ్రంథాల్లో ఎన్నిసార్లో చెప్పిన తాడూ పామూ ఉదాహరణ ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. మసక వెలుతురులో పాము కనబడాలంటే అక్కడ తాడు ఉండి తీరాలి, ఏమీ లేనిచోట పాము కనబడదు. చూసినవాడి గుండెదడ కూడా నిజమే. కాబట్టి ‘పామా, తాడా’ అని తేల్చి ఊరుకోకుండా, పాములో తాడు ఎంత ఉందో వెతకండి. టెడ్డీ వెతికే రేచల్ సొలాండో అనే స్త్రీ లేదు, కానీ ఆమె చేసిందని చెప్పిన నేరం ఉంది. అది అతని భార్య చేసినది. అతను వేటాడే లేడిస్ అనే దుర్మార్గుడూ ఉన్నాడు; అది తానే. మీ అన్నయ్యగారు అబద్ధమని తోసిపుచ్చుతున్న రెండు గంటల సేపూ ఒక తండ్రి తన దుఃఖం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, దాన్ని ముట్టుకోలేక.

పాత్రకు మానసిక సమస్య ఉందని తెలిసిన వెంటనే అతను చెప్పినదంతా కొట్టివేయకూడదని మన సినిమా ఒకటి ఇంకా సూటిగా చెప్పింది. 2014లో సుకుమార్ తీసిన ‘1: నేనొక్కడినే’లో గౌతమ్ ఒకరిని చంపినట్టు మనం చూసిన దృశ్యమే అతని ఊహ అని మొదట్లో తేలుతుంది. అతని తల్లిదండ్రుల హత్య కూడా ఊహేనని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. చివరికి ఆ హత్య మాత్రం నిజమని రుజువవుతుంది. ఒక దృశ్యం భ్రమ అయినంత మాత్రాన పక్క దృశ్యం భ్రమ కానక్కరలేదు, ప్రతిదాన్నీ విడిగా తూచుకోవాలి.

అయితే ఏమీ తేల్చకుండా వదిలేసే సినిమాలు కూడా ఉన్నాయి, అక్కడ మీ అన్నయ్యగారి అనుమానానికి పూర్తి హక్కు ఉంటుంది. 1920 నాటి జర్మన్ మూకీ ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో కథ చెబుతున్నవాడే ఆసుపత్రి రోగి అని చివర్లో బయటపడుతుంది. అతని కథలోని వంకరటింకర గోడలన్నీ పిచ్చివాడి చూపు కాబోలనుకుంటాం. కానీ కథ నుంచి బయటికి వచ్చాక కూడా ఆసుపత్రి ఆవరణ అదే వంకర సెట్‌లో కనిపిస్తుంది. మరి ఈ చూపు ఎవరిది? ఆ డాక్టరును నమ్మాలా వద్దా? వందేళ్లు దాటినా ఆ ప్రశ్నకు స్థిరమైన సమాధానం లేదు, ఉండాలని నేను కోరుకోను కూడా. ‘షటర్ ఐలండ్’ అలా చేయలేదు. లైట్‌హౌస్ తరువాత వచ్చే చివరి సన్నివేశం ఏ వంకరా లేని పగటి వెలుగులో, ఆసుపత్రి మెట్ల మీద ప్రశాంతంగా నడుస్తుంది.

అసలు ప్రశ్న అక్కడే ఉందన్నాను. కథాకాలం 1954. మెదడు కోసే లోబోటమీకి ఆద్యుడైన ఎగాస్ మోనిజ్‌కు నోబెల్ బహుమతి వచ్చి అప్పటికి ఐదేళ్లు. మానసిక జబ్బులకు వాడే క్లోర్‌ప్రొమజైన్ అనే మందు అమెరికా ఆసుపత్రుల్లోకి అప్పుడప్పుడే అడుగుపెడుతోంది. మాటలతో నయం చేయగలనన్న కాలీ పట్టుదల వెనుక ఆ కాలపు వైద్యుల మధ్య నడిచిన ఘర్షణ ఉంది. నిజం ఒప్పుకున్న ఆండ్రూ మరునాడు మళ్లీ షీహన్‌ను ‘చక్’ అని పిలుస్తాడు. షీహన్ దూరంగా ఉన్న కాలీ వైపు చూసి, లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. అప్పుడు ఆండ్రూ అడుగుతాడు, రాక్షసుడిగా బతకడం ఘోరమా, మంచివాడిగా చచ్చిపోవడం ఘోరమా అని. డెనిస్ లెహేన్ 2003లో రాసిన మూల నవలలో ఈ మాట లేదు, సినిమా కోసం చేర్చినది. అతని జబ్బు నిజంగానే తిరగబెట్టిందా, లేక తానెవరో పూర్తిగా తెలిసి ఉండి, ఆ జ్ఞాపకంతో బతకలేక, రోగిగా నటించి కత్తి కిందికి వెళుతున్నాడా? అతనికి తెలుసనే నా అభిప్రాయం. తన పాపం గుర్తులేని మనిషికి ఆ ప్రశ్న తట్టదు. పైగా అతను లేచి వెళుతుంటే షీహన్ వెనుక నుంచి ‘టెడ్డీ’ అని పిలుస్తాడు, అతను తిరిగి చూడడు. టెడ్డీనని నమ్మే మనిషి అయితే ఆ పేరుకు పలికేవాడు. అయినా ఇది నా తీర్పు మాత్రమే, ఇక్కడ మీరు వేరుగా అనుకుంటే మిమ్మల్ని కాదనడానికి నా దగ్గర షాట్ లేదు.

పిన్నిగారు ఒక విషయంలో మీ ఇద్దరికన్నా ఎక్కువ చెప్పగలరు. సినిమాలు భ్రమను ఎప్పుడూ మనుషులుగా, సంఘటనలుగా చూపిస్తాయి, తెరకు అదే అనుకూలం కాబట్టి. గణితవేత్త జాన్ నాష్ జీవితం మీద 2001లో తీసిన సినిమాలో ఆయనకు లేని స్నేహితుడు కనబడతాడు. వాస్తవంలో నాష్‌ను వేధించినవి వినిపించే గొంతులు. కాబట్టి ఇలాంటి సినిమాలు చూసి జబ్బు గురించి గానీ, ఆసుపత్రుల గురించి గానీ నిర్ణయానికి రావద్దని మీ అన్నయ్యగారికి గట్టిగా చెప్పండి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి తెలిసి ఇచ్చిన అంగీకారం, సమీక్షా మండలి అనుమతి రెండూ ఉంటే తప్ప మెదడు మీద అలాంటి శస్త్రచికిత్స చేయకూడదు. డాక్టర్లు తలచుకుంటే ఎవరినైనా పిచ్చివాళ్లను చేస్తారన్న మాట ఇంట్లో వాదనలో సరదాగా అన్నా, చికిత్సకు వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నవారి చెవిన పడితే కీడు చేస్తుంది.

మళ్లీ ముగ్గురూ కలిసి చూడండి. మొదటిసారి అందరూ టెడ్డీని చూసి ఉంటారు; ఈసారి మీ అన్నయ్యగారిని చక్ ముఖం మీదనుంచి చూపు తిప్పవద్దనండి, మీరు కాపలావాళ్లను గమనించండి, కాలీ ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెప్పేముందు ఎంత ఆగుతున్నాడో పిన్నిగారిని చూడమనండి. గుహ సన్నివేశం దగ్గర ఆపి, అక్కడ ఇంకెవరున్నారో అన్నయ్యగారిని అడగండి. మెట్ల మీది ఆఖరి మాటకు వచ్చేసరికి మాత్రం ఆయన మీతో ఏకీభవించకపోయినా పట్టుబట్టకండి.